మూకుడు పెట్టని ఏడు

నేను ఒక గులాబీ పువ్వుల అచ్చును. తోటలో పూసే గులాబీలతో నాకు సంబంధం లేదు. క్రిస్మస్ దగ్గర పడుతుంటే గోదావరి జిల్లాల్లో ఇంటింటా మూకుట్లో తేలే గులాబీలు నావి. మూరెడు ఇనుప కడ్డీ, పైన చెక్క పిడి, కింద ఎనిమిది రేకుల పువ్వు, అంతే నా ఒళ్ళు. ఎరగనివాళ్ళు నన్ను చూసి పశువులకు వాతలు పెట్టేదేమో అనుకుంటారు. అనుకోనివ్వండి. నేను వేసిన పువ్వు నోట్లో పెట్టుకున్నాక ఆ మాట ఎవరూ అనలేదు.

తణుకు దగ్గర ఒక పోత కార్ఖానాలో పుట్టాను. అక్కడ నీళ్ళ పంపులకు చక్రాలు పోసేవారు. ఒకనాడు మూసలో పోయగా కొంచెం ఇనుము మిగిలితే, పారబోయడం ఇష్టంలేక మేస్త్రి నన్ను పోశాడు. అంటే నేను మిగులు సరుకును. నర్సాపురంలో ఒక మిషను బడి పెద్ద పంతులమ్మ నన్ను కొని, ఎలా వాడాలో తెలియక చాలాకాలం గోడకు తగిలించుకుంది. బదిలీ మీద వెళ్ళిపోతూ, ఆ బడి హాస్టలులో వంట చేసే ఎలీశమ్మ చేతిలో పెట్టింది. నా బతుకు అప్పుడు మొదలైంది.

ఎలీశమ్మకు నా మర్యాదలు ఎవరూ చెప్పలేదు, తనంతట తనే కనిపెట్టింది. నాకు సబ్బు తగలకూడదు. వాడాక పాతగుడ్డతో తుడిచి, నూనె రాసి చుట్టిపెట్టాలి. మళ్ళీ వాడేముందు కాగిన నూనెలో కాసేపు కూర్చోబెట్టాలి. ఆ వేడి మీదే పిండిలో ముంచాలి, అదీ ముప్పాతిక వరకే. అత్యాశకుపోయి నిండా ముంచారో, పువ్వు నన్ను వదలదు. అలా ఏళ్ళ తరబడి నూనె తాగి తాగి నా ఒంటిమీద నల్లటి నిగారింపు వచ్చింది. అదే నా ఆస్తి. దాన్ని చూసుకుని కొంచెం గర్వపడేవాణ్ణి కూడా.

ఎలీశమ్మకు ఇద్దరు కూతుళ్ళు. భర్త వాళ్ళ చిన్నప్పుడే పోయాడు. పెద్దది బ్యూలా, అంగన్‌వాడీ టీచరు. మొగుడు ప్రేమ్‌దాస్ ఆర్టీసీ డ్రైవరు, ఒక్కతే కూతురు షారోను. ఎలీశమ్మ ఉండేది వీళ్ళతోనే. చిన్నది కెజియా మస్కట్‌లో నర్సు. అక్కడే ఏసీలు బాగుచేసే సుధీర్‌ను పెళ్ళాడింది. క్రిస్మస్ ముందు అక్కాచెల్లెళ్ళిద్దరూ పొయ్యికి చెరోపక్క కూర్చుని పోట్లాడుకుంటుంటే, మధ్యలో ఎలీశమ్మ నన్ను నూనెలోకీ పిండిలోకీ తిప్పుతూ ఉండేది. నన్ను పట్టుకోవడం బ్యూలాకు నేర్పింది. కెజియాకు ఓపిక లేదని నేర్పలేదు. "నీకెందుకే, నువ్వు తినడానికే పుట్టావు" అనేది.

ఇక్కడ మీకొక ఆచారం చెప్పాలి. ఇంట్లో మనిషి పోతే ఆ ఏడాది ఆ ఇంటివాళ్ళు పొయ్యిమీద నూనె మూకుడు పెట్టరు. పండక్కి పిండివంటలు చుట్టాలో పక్కవాళ్ళో తెచ్చి ఇవ్వాలి. ఇది అవిశ్వాసుల ఆచారమనీ, క్రీస్తును నమ్మినవాళ్ళకు పనికిరాదనీ వాళ్ళ పాస్టరుగారు ఏటా ప్రసంగంలో చెప్తారు. అందరూ ఆమెన్ అంటారు. ఆయన తల్లి పోయిన ఏడు మాత్రం ఆయన ఇంటికి అప్పచ్చులు డబ్బాల్లో ఎలీశమ్మే పంపించింది. ఆ పువ్వులు వేసింది నేనే కాబట్టి నాకు తెలుసు.

కెజియాకు రెండుసార్లు కడుపు పోయింది. మూడోసారి నిలబడింది. డాక్టరమ్మ మంచం దిగవద్దంది, మనసుకు ఏ దెబ్బా తగలకుండా చూసుకోమంది. ఎలీశమ్మ పురుటికి వెళ్ళడానికి పాస్‌పోర్టు తీయించుకుంది. క్రిస్మస్ ముందు అందరూ కలిసి వెళ్ళి, ఆమె అక్కడ ఆగేటట్టు, మిగతావాళ్ళు పండగ చేసుకుని వచ్చేసేటట్టు సుధీర్ టికెట్లు కొన్నాడు. కెజియా ఫోనులో ఒక్కటే మాట, "అమ్మా, ఏం మర్చిపోయినా అచ్చు మర్చిపోకు. ఈసారి పువ్వులు మా ఇంట్లోనే వెయ్యాలి."

నవంబరులో ఒక ఆదివారం ఎలీశమ్మ ఆరాధన నుంచి వచ్చి, చెప్పులు విప్పుకుందామని గడప మీద కూర్చుంది. ఇక లేవలేదు. నేను అటక మీద గుడ్డలో ఉన్నాను. బ్యూలా అరుపు విన్నాను. ఆ తర్వాత ఇల్లంతా నిండిన కాళ్ళ చప్పుడు, పాటలు, సాయంత్రానికి అంతా ఖాళీ. ఇనుముకు దుఃఖం ఏమిటని మీరు నవ్వొచ్చు. నన్ను నన్నుగా ఎరిగిన చెయ్యి అదొక్కటే.

సమాధి దగ్గర నుంచి వచ్చీ రాగానే చెల్లెలికి చెప్పాలా వద్దా అన్న మాట లేచింది. సుధీర్‌కు ఫోను చేశారు. అతను "వద్దన్నయ్యా, ఇప్పుడు చెప్తే అది బతకదు, బిడ్డా బతకదు. పురుడయ్యాక నేనే చెప్తాను" అన్నాడు. మరి రోజూ అమ్మతో మాట్లాడే పిల్లను ఏమని ఆపాలి? ఆ ఆలోచన బ్యూలాకే వచ్చింది.

"అమ్మ నీ కోసం నలభై రోజుల ఉపవాస ప్రార్థనలో కూర్చుందే. కొండ మీద మందిరంలో ఉంది. ఫోను ముట్టుకోదు" అని చెప్పింది.

కెజియా నమ్మింది. నమ్మడమే కాదు, ఆ రోజునుంచి అన్నం సరిగ్గా తినసాగింది. అమ్మ తన బిడ్డ కోసం పస్తులుంటుంటే తను వాంతులొస్తున్నాయని పళ్ళెం తోసేయడం పాపమనుకుంది. ఫోనులో గొంతు కూడా తేరుకుంది. దాంతో బ్యూలాకు ధైర్యం వచ్చింది, తను చేసింది మంచిపనే అనుకుంది. నలభై రోజులంటే ఒక నాటికి ముగుస్తాయనీ, ఆ నాడు సరిగ్గా క్రిస్మస్ ముందే వస్తుందనీ చాలా ఆలస్యంగా తట్టింది. అబద్ధానికి తనే గడువు పెట్టుకున్న మనిషిని నేను ఆమెనొక్కదాన్నే చూశాను.

ప్రయాణం మానుకుంటే అనుమానం వస్తుంది, వెళ్తే మొహాలు దాచుకోవాలి. వెళ్ళాలనే నిశ్చయించుకున్నారు. నన్ను మాత్రం ఎలా వదిలేస్తారు? అచ్చు ఏదే అని ఆ పిల్ల మొదటే అడుగుతుంది. బ్యూలా అటక మీద నుంచి నన్ను దింపింది. నా పాతగుడ్డ చీకిపోయింది. కాసేపు నిలబడి, తల్లి క్రిస్మస్‌కు మాత్రమే కట్టుకునే నీలంరంగు చీర కొంగు చింపి అందులో చుట్టింది. చింపుతున్నప్పుడు ఏడుపు ఆగలేదు ఆమెకు.

రైల్లో హైదరాబాదు దాకా, అక్కడినుంచి విమానంలో. ముగ్గురూ విమానం ఎక్కడం అదే మొదటిసారి. మామూలుగా అయితే కిటికీ సీటు కోసం గోల జరగాల్సింది. నేను పెట్టెలో, ఆవకాయ సీసాకూ ఎండు రొయ్యల పొట్లానికీ మధ్య, విమానం పొట్టలో చలికి బిగుసుకుపోయి ఉన్నాను. ఎక్కేముందు ప్రేమ్‌దాస్ కూతురికి పాఠం చెప్పడం మాత్రం విన్నాను. "పిన్ని అడిగితే ఏమంటావమ్మా?" "అమ్మమ్మ ప్రార్థనలో ఉందంటాను." "ఇంకా అడిగితే?" "ప్రార్థనలోనే ఉందంటాను." బాప్తిస్మం తీసుకున్న పెద్దలు, అబద్ధమాడొద్దని ఆదివారం బడిలో నేర్పిన పిల్లకు ఆ పాఠం వల్లె వేయించారు. పిల్ల వాళ్ళకన్నా త్వరగా నేర్చుకుంది.

మస్కట్‌లో దిగాక ఒక అధికారి పెట్టె విప్పించి నన్ను బయటికి తీశాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఇది ఏ ఆయుధమని కళ్ళతోనే అడిగాడు. బ్యూలా భాష రాక, వేళ్ళన్నీ కూడగట్టి మెల్లగా విప్పి పువ్వు చూపించింది. తర్వాత నోట్లో వేసుకున్నట్టు చూపించింది. అతను నవ్వి నన్ను తిరిగి చీరముక్కలో చుట్టి జాగ్రత్తగా పెట్టాడు. ఆ ప్రయాణం మొత్తంలో వాళ్ళు దాచకుండా నిజం చెప్పింది అతనొక్కడికే.

కెజియా తలుపు దగ్గరికే వచ్చేసింది, మంచం దిగవద్దన్న మాట మర్చిపోయి. పొట్ట బాగా ఎత్తుగా ఉంది. మొహంలో నీరు చేరింది. అక్కను కౌగిలించుకోబోయి పొట్ట అడ్డమొచ్చి పక్కకు తిరిగి కౌగిలించుకుంది. బ్యూలా ఏడ్చింది. "ఎందుకే ఏడుస్తావ్, నేను బానే ఉన్నానుగా!" అని చెల్లెలు కళ్ళు తుడిచింది. సుధీర్ పెట్టెలు లోపలికి మోసే నెపంతో రెండుసార్లు కిందికీ పైకీ తిరిగాడు.

పెట్టె విప్పారు. ఆవకాయ, ఎండు రొయ్యలు, పూతరేకులు, అన్నీ కొట్లో కొన్నవో జాడీలో ఉన్నవో. కెజియా అడుగుదాకా వెతికింది. "అరిసెలేవే? జంతికలు కూడా వండలేదా?" అంది. "టైము దొరకలేదే, అంగన్‌వాడీలో ఒకటే పని" అంది బ్యూలా. అప్పుడు నేను దొరికాను. చీరముక్క విప్పుతూ కెజియా ఆగింది.

"ఇది అమ్మ క్రిస్మస్ చీర కదే. చింపనిచ్చిందా?"

"పాతబడిపోయిందిగా."

"నన్ను దాని మీద చెయ్యి కూడా వెయ్యనిచ్చేది కాదు." ఆ ముక్కను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. "షారోనూ, అమ్మమ్మ ఎలా ఉందే? చిక్కిపోయిందా?"

"అమ్మమ్మ ప్రార్థనలో ఉంది పిన్నీ" అంది షారోను తడుముకోకుండా. "కళ్ళు మూసుకునే ఉంటది. ఎవరితోటీ మాట్లాడదు."

గదిలో పెద్దవాళ్ళందరూ తలా ఒక వస్తువు వెతుక్కోసాగారు. కెజియా మాత్రం పిల్లను దగ్గరికి లాక్కుని ముద్దు పెట్టుకుంది.

మూడోనాడు పువ్వులు వేద్దామంది. బ్యూలా అప్పటికే ఉపాయం చూసి పెట్టుకుంది. ఎదురింట్లో లిస్సీ అనే మలయాళీ నర్సు ఉంది. వాళ్ళ వైపు కూడా క్రిస్మస్‌కు ఇవే పువ్వులు వేస్తారట. బ్యూలా తలనొప్పి అంది, నూనె వాసన పడటం లేదంది, లిస్సీ చేత వేయిద్దామంది. కెజియా కుర్చీలో కూర్చుని పిండి తనే కలిపింది. బియ్యప్పిండి, గుడ్లు, పంచదార, కొబ్బరిపాలు, పైన నువ్వులు. కలుపుతూ పొట్టలో బిడ్డతో మాట్లాడింది. "అమ్మమ్మ వచ్చాక ఇంకా బాగా వేస్తదిలే. ఇంకెన్ని రోజులు, అయిపోవచ్చింది. అయిపోగానే ఫోను చేస్తది చూడు." ఆ మాట వినలేక సుధీర్ నన్ను తీసుకుని తొట్టి దగ్గరికి వెళ్ళాడు.

"అచ్చు కడుగుతాను" అన్నాడు.

కొళాయి ధారగా వదిలాడు. గిన్నెలు తోమే సబ్బు నామీద కుమ్మరించి, ఇనుప పీచుతో రుద్దసాగాడు. నేను కేకలు పెట్టగలిగితే పెట్టేవాణ్ణి. నన్నేం చేస్తున్నాడో అతనికి తెలియదు. నీళ్ళ చప్పుడు మాటున ఏడుస్తున్నాడు. ఇన్ని వారాలుగా ఒకే మంచం మీద పడుకుని, తెల్లవారి లేచి "అమ్మ కోసం మీరూ ప్రార్థన చెయ్యండి" అని భార్య అంటే తల వంచి కళ్ళు మూసుకున్న మనిషి. ఆ ఏడుపుకు ఇంట్లో ఇంకెక్కడా చోటు దొరకలేదు. ఒక్కో రేకూ, ఒక్కో మూలా వదలకుండా తోమాడు. ఎలీశమ్మ చేతి నూనె, ఎన్నో క్రిస్మస్‌ల నూనె, నల్లటి నీళ్ళై కాలువలోకి పోయింది. నేను తెల్లగా, కొత్తగా, చలిచలిగా బయటపడ్డాను. అతని మీద నాకు కోపం వచ్చింది. ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

లిస్సీ నూనె కాచింది. నన్ను వేడి చేసి పిండిలో ముంచి నూనెలో పెట్టింది. పువ్వు నన్ను వదల్లేదు. చాకుమొనతో గీకింది. రెండోది కూడా అంతే, ముక్కలు ముక్కలుగా ఊడింది. మూడోది మాడింది. పాపం ఆమెకు పని వచ్చు, తప్పు నా ఒంటిది. డ్యూటీకి వేళయిందని సిగ్గుపడుతూ వెళ్ళిపోయింది. నూనె కాగుతూనే ఉంది. పిండి గిన్నె నిండుగా ఉంది.

"అక్కా, నువ్వు వెయ్యవే" అంది కెజియా. "అమ్మ నేర్పింది నీకేగా. రెండు వేసి వెళ్ళి పడుకో."

"తలనొప్పే."

"రెండంటే రెండు. పిండి పాడవుద్ది."

బ్యూలా పొయ్యి దగ్గరికి వచ్చింది. నా పిడి పట్టుకుంది. తల్లి పట్టు ఆమెకు అచ్చంగా వచ్చింది, బొటనవేలు కింద, చూపుడువేలు కడ్డీ మీద. ఆ పట్టు తెలియగానే నాకు ప్రాణం లేచొచ్చింది. నన్ను నూనె మీదికి తీసుకొచ్చింది. అక్కడ ఆగిపోయింది. ఆవిరి నా రేకులకు తగులుతోంది. ఇన్ని వారాలూ ఫోనులో నవ్వుతూ అబద్ధమాడింది. కొండ మీద మందిరమంది, ఉపవాసమంది, దేవుడి పేరు కూడా వాడుకుంది. నోటితో అన్నీ చెప్పగలిగింది, చేత్తో చెప్పలేకపోయింది. తల్లి పోయిన ఏడు నూనె మూకుట్లో చెయ్యి పెట్టలేకపోయింది. ముంచబోయి వెనక్కి తీసింది. మళ్ళీ ముంచబోయింది. చివరికి నన్ను గట్టుమీద పెట్టేసి, చెయ్యి కొంగులో దాచుకుంది.

కెజియా ఆ చేతినే చూస్తోంది.

"ముంచవేంటే?"

బ్యూలా కొంగులోంచి చెయ్యి తియ్యలేదు.

"అరిసెలు వండలేదు. జంతికలు వండలేదు. ఏమీ తేలేదు" అంది కెజియా మెల్లగా. "అమ్మ చీర చింపేశావు." సుధీర్ వైపు తిరిగింది. అతను గోడవైపు తిరిగి ఉన్నాడు. ప్రేమ్‌దాస్ వైపు చూసింది. "బావా, మనింట్లో మూకుడు పెట్టట్లేదా?"

ప్రేమ్‌దాస్ షారోనును తీసుకుని పక్క గదిలోకి వెళ్ళిపోయాడు. అప్పటికీ ఒక్కరి నోటినుంచి ఆ మాట రాలేదు. చెప్పాల్సినవాళ్ళు నలుగురున్నారు, నలుగురూ మూగవాళ్ళయ్యారు.

కెజియా కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. సుధీర్ పరుగెత్తుకొచ్చాడు. చేత్తో వారించింది. పొయ్యి దాకా తనే నడిచి స్టవ్ ఆర్పేసింది. మూకుడు మీద మూత పెట్టింది. పిండి గిన్నె తీసుకెళ్ళి తొట్టిలో వంచింది. కొబ్బరిపాల వాసన గదంతా లేచింది. ఇక ఆ ఇల్లు కూడా మూకుడు పెట్టని ఇల్లే.

"ఉపవాసం మొదలైందన్న రోజేనా?" అని అడిగింది.

బ్యూలా నేలమీద కూలబడి తల ఊపింది.

"అమ్మ నా కోసం తినట్లేదనుకుని ముద్ద ముద్దకీ అమ్మ పేరు చెప్పుకుని తిన్నానే. కడుపు నిండా తిన్నానే. అమ్మ మట్టిలో ఉంటే నేను రెండోసారి వడ్డించుకున్నాను." గొంతు పెంచలేదు. "మీరంతా చూశారు. ఆఖరిసారి మీరంతా చూసుకున్నారు."

"నువ్వూ బిడ్డా దక్కాలనే కదే" అంది బ్యూలా.

"నేను నర్సునక్కా. రోజూ చావులు చూస్తాను. మా అమ్మ చావు నాకు చెప్పకూడదా?"

ఆ రోజంతా అందరూ కెజియా పొట్టవైపు చూస్తూ కూర్చున్నారు. నొప్పులొస్తాయని, రక్తం పడుతుందని భయం. సుధీర్ కారు తాళాలు చేతిలోనే పట్టుకున్నాడు. ఏమీ జరగలేదు. బిడ్డ లోపల మామూలుగా కదిలింది. ఏ కడుపు తట్టుకోలేదని ఇంత దాచారో ఆ కడుపు తట్టుకుంది. తట్టుకోలేకపోయింది అక్కాచెల్లెళ్ళ మధ్య ఉన్న మాట. మిగిలిన రోజులు కెజియా అక్కకు అన్నం వడ్డించింది, మందులు వేసుకుంది, షారోనుకు జడ వేసింది. అక్కతో మాత్రం అవసరానికి మించి ఒక్క ముక్క మాట్లాడలేదు. పండక్కి ముందే వాళ్ళు తిరుగు ప్రయాణమయ్యారు. బ్యూలా నన్ను పెట్టెలో పెట్టుకోబోతే కెజియా తీసేసుకుంది. "ఇది ఇక్కడే ఉంటది" అంది. విమానం ఎక్కేముందు షారోను వెనక్కి తిరిగి "పిన్నీ, నా మీద కోపమా?" అని అడిగిందట. సుధీర్ ఇంటికొచ్చి చెప్తుంటే విన్నాను. కెజియా ఏం జవాబు చెప్పిందో అతను చెప్పలేదు.

పురుడు సుఖంగా అయింది. ఆడపిల్ల. నేను వంటగది అరలో, గ్యాసు గొట్టం వెనక, నీలం చీరముక్కలో పడి ఉన్నాను. సబ్బుతో కడిగిన ఇనుము, పక్కనే సముద్రం. మొదట రేకుల అంచున ఎర్రటి చుక్కలు లేచాయి, తర్వాత కడ్డీకి పాకాయి. పాస్టరుగారి ప్రసంగంలో, భూమ్మీది సొత్తును చిమ్మెటా తుప్పూ తినేస్తాయని వచ్చినప్పుడల్లా నేను నవ్వుకునేవాణ్ణి, నాకు తుప్పేమిటని.

మళ్ళీ డిసెంబరు వచ్చింది. ఒక సాయంత్రం కెజియా నేలమీద కూర్చుని పాపకు కొబ్బరినూనె రాస్తోంది. పాప జారిపోయి దోగాడుతూ అర దాకా వచ్చి, చీరముక్క లాగి నన్ను బయటపడేసింది. నా తుప్పు దాని అరచేతులకు ఎర్రగా అంటుకుంది. అప్పుడే ఫోను మోగింది. అవతల బ్యూలా. నెలకోసారి చేస్తుంది, బిడ్డ బాగుందా అని అడిగి పెట్టేస్తుంది. ఈసారి కొంచెం ఎక్కువ మాట్లాడింది.

"నిన్న మూకుడు పెట్టామే. కొత్త అచ్చు కొన్నాను, పువ్వులు సరిగ్గా రాలేదు. ఏడాది తిరిగిపోయిందిగా, నువ్వు కూడా పెట్టుకో. పాపకు మొదటి పండగ."

కెజియా పాప చేతులు తుడిచింది.

"మీకు తిరిగిందక్కా" అంది. "నాకు ఇప్పటిదాకా ఎవరూ చెప్పనేలేదు. నీ చెయ్యి చూసి నేనే తెలుసుకున్నాను. చెప్పని చావుకి ఏడాది ఎప్పుడు తిరుగుద్ది?"

అవతల నుంచి బ్యూలా, చిన్నపిల్ల గొంతుతో, "కెజియా, అమ్మ చచ్చిపోయిందే" అంది. అని, ఏడ్చింది. కెజియా ఫోను చెవి దగ్గరే పెట్టుకుని విన్నది. ఊరుకోమనలేదు, పెట్టేయనూ లేదు. ఏడుపు అయిపోయేదాకా విని, "సరే" అని ఫోను పక్కన పెట్టింది.

తర్వాత నన్ను చేతిలోకి తీసుకుంది. పాపకు రాసిన నూనె ఇంకా ఆమె వేళ్ళకు ఉంది. ఆ వేళ్ళతోనే నా రేకులు ఒక్కొక్కటీ రుద్దింది, కడ్డీ పైదాకా తుడిచింది. ఏడాదిలో నాకు తగిలిన మొదటి నూనె అది. తుప్పు కొంత ఆమె వేళ్ళకే వచ్చింది. చీరముక్క దులిపి నన్ను మళ్ళీ చుట్టి, పాపకు అందకుండా పై అరలో పెట్టింది. స్టవ్ మాత్రం వెలిగించలేదు.